చుట్ట నుంచి చుక్క దాకా: పొగ పీల్చే తీరు మారినప్పుడల్లా ఏమైంది



ఈ మధ్య మన గ్రూపులో ఒకే ప్రశ్న రెండు మూడు సార్లు తిరిగింది. "ఇ-సిగరెట్ల పొగాకే ఉండదు, అగ్గే ఉండదు, వచ్చేది ఒట్టి ఆవిరి. మరి దానికింత లొల్లి ఎందుకు?" అని ఒక తమ్ముడు అడిగిండు. ఇంకో తమ్ముడు "డ్రిప్పింగ్ అంటే ఏంది అన్నా, వీడియోలల్ల మస్తు కనపడుతుంది" అన్నడు. పొడుగు పోస్టు పెడతామని అప్పుడే చెప్పినం. ఇది ఆ పోస్టు. కొంచెం ఓపికతో చదవండి.

మేము డాక్టర్లం కాదు. చరిత్ర చదువుకునే పిల్లలం. అందుకే ఈ ముచ్చటను చరిత్ర లెక్కనే చెబుతాం. పొగాకు మన దేశానికి వచ్చి నాలుగు వందల ఏండ్లు దాటింది. ఇన్నేండ్లలో ఆకు పెద్దగా మారలేదు. దాన్ని తీసుకునే తీరు మాత్రం ఎన్నోసార్లు మారింది. తీరు మారినప్పుడల్లా శరీరంలో దెబ్బ తగిలే చోటు కూడా మారింది. చుక్క పద్ధతిని, అంటే డ్రిప్పింగ్‌ను, ఈ వరుసలో పెట్టి చూస్తేనే అది ఏమిటో అర్థమవుతుంది.

మొదలు మన ఇండ్ల నుంచే పెడదాం. ఏర్గట్ల అంటే బయటోళ్లకు పసుపు గుర్తొస్తుంది. 2016లో మండలమైంది, అంతకు ముందు మోర్తాడ్ మండలంలో ఉండె. ఆర్మూరు, బాల్కొండ, మోర్తాడ్ చుట్టుపక్కల పసుపు తవ్వే కాలంలో మన తండాల నుంచి, గూడేల నుంచి కూలీకి పోని ఇల్లు తక్కువ. కానీ ఈ నేలకు పసుపుతో పాటు ఇంకో పంట ఉంది, అది చేన్లో కనపడదు. ఏ ఊరి వాడకట్టులోకి పోయినా అరుగు మీద ఆడోళ్లు చాట ఒళ్లో పెట్టుకుని కూర్చుంటారు. చాటలో జర్దా, పక్కన తడిగుడ్డలో చుట్టిన తునికాకు, చేతిలో కత్తెర. నిజామాబాద్, కరీంనగర్, ఆదిలాబాద్, మెదక్ జిల్లాల బీడీ ఇది. మనలో చాలామంది స్కూలు ఫీజు ఆ చాటలో నుంచే వచ్చింది. కాబట్టి పొగాకు గురించి రాసేటప్పుడు ఎవరినో తిట్టినట్టు రాయలేం.

ఆ చాటలోని ఆకు అడవిది. గోదావరి దాటితే నిర్మల్ జిల్లా, అటు నుంచి ఆదిలాబాద్ అడవులు. ఎండాకాలానికి ముందే తునికి పొదలను కొట్టి పెడతారు, లేత చిగురు రావాలని. ఏప్రిల్, మే నెలల్లో తెల్లారకముందే అడవికి పోయి ఆకు తెంపుతారు. ఇంటిల్లిపాది కూర్చుని 50 ఆకులకు ఒక కట్ట కడతారు. కల్లం దగ్గర లెక్కపెట్టి ఆరబోస్తారు. గోండు, కోలాం, నాయకపోడు, లంబాడా ఇండ్లలో ఆ రెండు నెలల ఆకు పైసలతోనే వానాకాలం విత్తనాలు వస్తాయి. 1971లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చిన్నతరహా అటవీ ఫలసాయం వ్యాపార నియంత్రణ చట్టం తెచ్చి తునికాకు వ్యాపారాన్ని తన చేతిలోకి తీసుకుంది. తర్వాత 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల పట్టికలో తునికాకును పేరు పెట్టి మరీ చేర్చింది. ఆ హక్కు ముచ్చట ఇంకో పోస్టుకు సరిపోతుంది, ఇక్కడ ఆపుతున్నాం. 1971 అనే ఏడు మాత్రం గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

మన తాతలు బీడీ కన్నా ముందు మోదుగాకు చుట్ట తాగేటోళ్లు. మోదుగాకులో ఇంత పొగాకు పెట్టి గొట్టంలా చుట్టి, చెకుముకితో అంటించి, ఒకరు తాగి ఇంకొకరికి ఇచ్చేటోళ్లు. పంచాయితీలో, చావు దగ్గర, పెండ్లి మాటల దగ్గర అది తిరిగేది. ఇది మన పూర్వకాలపు ఆచారం అని కొందరు గొప్పగా చెబుతారు. చుట్టుకునే ఆకు మనదే, పంచుకునే పద్ధతీ మనదే. లోపల పెట్టే పొగాకు మాత్రం ఇక్కడిది కాదు. అది అమెరికా ఖండపు మొక్క. అక్కడి ఆదివాసులు పూజల్లో, ఒప్పందాల్లో వాడుకున్న మొక్కను యూరపోళ్లు ఎత్తుకొచ్చి సరుకు చేశారు. పోర్చుగీసు ఓడల మీద అది మన పడమటి తీరానికి వచ్చింది, అక్కడి నుంచి దక్కనులోకి.

అది వచ్చినప్పటి ముచ్చట ఒకటి చెప్పాలె. అక్బరు దగ్గర అసద్ బేగ్ అనే అధికారి ఉండేవాడు. బీజాపూరుకు రాయబారం పోయినప్పుడు అక్కడ పొగాకు చూశాడు. అంతకు ముందు అలాంటిది చూడలేదని తనే రాసుకున్నాడు. 1604-05 ప్రాంతంలో దాన్ని, ఒక అందమైన పొగగొట్టాన్ని తీసుకుపోయి అక్బరు ముందు పెట్టాడు. పాదుషా రెండు మూడు దమ్ములు లాగాడు. ఆస్థాన వైద్యుడు అడ్డుపడ్డాడు. మన పుస్తకాల్లో లేని మందు, గుణం తెలియకుండా ఎట్ల వాడతామని అతని వాదన. అసద్ బేగ్ ఒప్పుకోలేదు. ఫిరంగీల దేశంలో తెలివైనోళ్లు లేరా, కొత్తది ప్రతీదీ ఒకప్పుడు తెలియనిదే కదా అన్నాడు. అక్బరుకు అలవాటు కాలేదు గానీ దర్బారు పెద్దలకు అయింది. వర్తకులు తెచ్చుడు మొదలుపెట్టారు. పదేండ్లు దాటేసరికి ఎంత పాకిందంటే, 1617లో జహంగీరు పొగాకును నిషేధిస్తూ ఫర్మానా ఇచ్చాడు. ఫర్మానా కాగితం మీదనే ఉండిపోయింది.

ఇది ఎందుకు చెప్పినమంటే, ఆ రోజు దర్బారులో జరిగిన వాదన ఇప్పటికీ అదే మాటలతో నడుస్తుంది. "పరీక్ష కాలేదు" అని ఒకరు, "కొత్తది కాబట్టి భయపడుతున్నారు" అని ఇంకొకరు. యూరపులో కూడా పొగాకు మందు పేరుతోనే దిగింది. 1560లో లిస్బన్‌లో ఉన్న ఫ్రెంచి రాయబారి జ్యాఁ నికో దాన్ని తలనొప్పికి మందని ఫ్రాన్సు రాణికి పంపాడు. నికోటిన్ అన్న పేరు ఆయన పేరు నుంచే వచ్చింది.

తర్వాత సంగతి తొందరగా చెప్పేస్తాం. గుంటూరు, ప్రకాశం నేలల్లో సిగరెట్ల కోసం వర్జీనియా పొగాకు, ఐఎల్‌టీడీ కంపెనీ, బ్యారన్లు. హైదరాబాదులో 1930లో వజీర్ సుల్తాన్ కంపెనీ, దాని చార్మినార్ సిగరెట్. రాజమండ్రిలో 1947లో కేంద్ర పొగాకు పరిశోధనా సంస్థ. తెలుగు నేల పొగాకు నేల అయింది. వీటి మీద పుస్తకాలున్నాయి, చదువుకోవచ్చు.

మనం ఆగి చూడాల్సిన చోటు శ్రీకాకుళం.

ఉత్తరాంధ్ర తీరంలో, అక్కడి పల్లెల్లో, ఏజెన్సీ ఊర్లలో కూడా, "అడ్డపొగ" అని ఒక అలవాటు ఉంది. చుట్టను అంటించి, అగ్గి ఉన్న కొసను నోట్లో పెట్టుకుని పీలుస్తారు. వినడానికి భయమేస్తుంది గానీ అలవాటైనోళ్లకు అది మామూలు. ఎక్కువగా ఆడోళ్లే, అందులోనూ నడివయసు దాటినోళ్లు. ఎందుకట్ల అని అడిగితే వాళ్లు చెప్పే కారణాలు చాలా సాదాగా ఉంటాయి. గాలికి ఆరిపోదు. నీళ్ల పని చేస్తున్నా తడవదు. చుట్ట చాలాసేపు వస్తుంది. నుసి బట్టల మీద పడదు. రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయి. పేదింటి ఆడమనిషి తన పనికి తగ్గట్టు పొగ తాగే తీరును మార్చుకుంది, అంతే. దీంట్లో నవ్వేది ఏమీ లేదు.

1971లో, మన తునికాకు చట్టం వచ్చిన ఆ ఏడే, డెన్మార్కుకు చెందిన పిండ్‌బోర్గ్, మన దేశానికి చెందిన మెహతా, వాళ్ల తోటి పరిశోధకులు ఈ అలవాటు మీద ఒక అధ్యయనం అచ్చు వేశారు. 10,169 మంది గ్రామస్తుల నోళ్లను పరీక్షించారు. పదిమందిలో నలుగురికి పైగా అడ్డపొగ తాగేటోళ్లే. అడ్డపొగ తాగేటోళ్ల అంగిలి మీద, అంటే నోటి పైకప్పు మీద, తెల్లమచ్చలు, ఎర్రమచ్చలు, పుండ్లు, కొందరిలో క్యాన్సరు. ప్రపంచంలో అంగిలి క్యాన్సరు అరుదు. మామూలుగా చుట్ట తాగేటోళ్లలో కూడా ఇంతగా కనపడదు. అదే పొగాకు, అదే చుట్ట, అదే ఊరు. కొసను తిప్పి పెట్టుకున్నందుకు జబ్బు వచ్చే చోటు మారిపోయింది, ఎందుకంటే వేడి తగిలే చోటు మారింది. అగ్గి నోట్లో ఉంటే పొగ చల్లబడే దారి ఉండదు. అంగిలి రోజూ కాలుతుంది, ఆ కాలిన చోటనే పొగలోని విషం కూర్చుంటుంది.

పొగాకు గురించి తెలుగు నేల ప్రపంచానికి చెప్పిన పాఠాల్లో ఇది పెద్దదని మా అభిప్రాయం. మన పాఠ్యపుస్తకాల్లో మాత్రం కనపడదు.

బీడీ సంగతిలో కూడా ఇలాంటిదే ఉంది. "బీడీల పొగాకు ఎంత, చిటికెడు. సిగరెట్ కన్నా నయం" అని మన ఊర్లలో అంటారు. పొగాకు తక్కువన్నది నిజమే. కానీ తునికాకులో నుంచి గాలి దూరదు. గుంజకుంటే బీడీ ఆరిపోతుంది. అందుకే బీడీ తాగే మనిషి మాటిమాటికీ, గట్టిగా గుంజాలె. ఆ గుంజుడుతో సిగరెట్ కన్నా ఎక్కువ తారు, కార్బన్ మోనాక్సైడ్ ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఆకు పైపొర గాలి దూరనీయకపోవుడు అనే చిన్న సంగతి మనిషి పీల్చే తీరును మార్చింది. పీల్చే తీరు లెక్కను తలకిందులు చేసింది.

ఇప్పుడు చుక్క దగ్గరికి వద్దాం.

నికోటిన్‌ను పొగాకు నుంచి విడదీసింది 1828లో, జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో పోసెల్ట్, రైమన్ అనే ఇద్దరు. రంగులేని నూనెలాంటి ద్రవం. చాలా ఏండ్లు దాని ముఖ్యమైన పని పురుగులమందుగా ఉండడమే. మనకు ఇది కొత్త కాదు. మన ఊర్లలో మిరపకు, కూరగాయలకు పొగాకు కషాయం కొడతారు కదా. పొగాకు కాడలు నానబెట్టి, మరగబెట్టి, వడగట్టి పిచికారీ చేస్తారు. పురుగు చచ్చేది నికోటిన్‌తోనే. కషాయం కలిపేటప్పుడు మూతికి గుడ్డ కట్టుకో, చేతికి తగలనీకు అని పెద్దోళ్లు ఎందుకంటారో దీంతో అర్థమవుతుంది. తడి పొగాకు చేన్లో ఆకు కొట్టే కూలీలకు వాంతులు, తల తిరుగుడు వస్తాయి. దానికి ఇంగ్లీషులో ఒక జబ్బు పేరే ఉంది, పచ్చి పొగాకు జబ్బు అని. పొగ తాగకుండానే, ఒట్టి చర్మం గుండా నికోటిన్ ఎక్కితే వచ్చే జబ్బు అది. ఈ సంగతి గుర్తుంచుకోండి, సీసాలోని ద్రవం దగ్గర పనికొస్తుంది.

ఇ-సిగరెట్ ఆలోచన అనుకున్నంత కొత్తది కాదు. అమెరికాలో హెర్బర్ట్ గిల్బర్ట్ అనే ఆయన 1963లో పొగ లేని, పొగాకు లేని సిగరెట్‌కు పేటెంట్ కోరాడు. 1965లో వచ్చింది. కొన్నోళ్లు లేరు. ఇప్పుడు మనం చూసే రకాన్ని 2003లో చైనాలో హోన్ లిక్ అనే ఫార్మసిస్టు చేశాడు. ఆయన కూడా బాగా సిగరెట్లు తాగేవాడు. తండ్రి ఊపిరితిత్తుల క్యాన్సరుతో పోయాడు. తను మానుకోవడానికి దారి వెతికితే వచ్చిన వస్తువది. అందుకే ఆయన్ని మోసగాడని అనబుద్ధి కాదు. మొదలుపెట్టిన ఉద్దేశం వేరు, తర్వాత బజారులో అది అయింది వేరు.

ఆ తొలి ఇ-సిగరెట్ మూడు ముక్కలు. ఒకటి బ్యాటరీ. రెండోది వేడెక్కే తీగచుట్ట, దాన్నే కాయిల్ అంటారు. మూడోది ద్రవం నానిన దూది ఉన్న చిన్న గొట్టం. ద్రవంలో ఉండేవి ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, నికోటిన్, వాసనలు. పీల్చినప్పుడు తీగ వేడెక్కి, దూదిలోని ద్రవం ఆవిరై వస్తుంది. ఆ దూది తొందరగా ఎండిపోయేది. ఎండితే నోట్లోకి మాడు రుచి వచ్చేది. దీంతో విసిగిన కొందరు ఆ గొట్టాన్నే పీకేసి, ద్రవాన్ని తీగ మీద చుక్కలు చుక్కలుగా నేరుగా వేసి పీల్చుడు మొదలుపెట్టారు. రెండు మూడు చుక్కలు, కొన్ని దమ్ములు, మళ్లీ చుక్కలు. డ్రిప్పింగ్ అంటే ఇదే. ఏ కంపెనీ ఇంజినీరూ దీన్ని కనిపెట్టలేదు. శ్రీకాకుళం ఆడోళ్లు చుట్టను తిప్పినట్టే, వాడేటోళ్లే పద్ధతిని తిప్పారు. కంపెనీలు ఆలస్యంగా మేల్కొని, చుక్కలు వేసుకోవడానికే ప్రత్యేకంగా పరికరాలు చేసి అమ్మడం మొదలుపెట్టాయి. తీగ చుట్టుకోవడం, దూది మార్చుకోవడం, ఎక్కువ కరెంటు పెట్టుకోవడం, అన్నీ వాడేవాడి చేతికే వచ్చాయి. పెద్ద పెద్ద మబ్బుల్లా ఆవిరి వదిలే పోటీలు కూడా పెట్టుకున్నారు. మీరు వీడియోలల్ల చూసేది ఆ ఆటనే.

ఇప్పుడు వేడి లెక్క చూద్దాం. పసుపు ఉడకబెట్టేటప్పుడు కడాయి దగ్గర నిలబడ్డోళ్లకు ఇది చెప్పాల్సిన పని లేదు. నీళ్లు ఉన్నంతసేపు మంట ఎంత పెట్టినా నీటి వేడి ఒక హద్దు దాటదు. నీళ్లు అడుగంటినయంటే కొమ్ము మాడుతుంది. తీగ మీద ద్రవం కూడా అట్లనే. ట్యాంకు ఉన్న పరికరంలో దూది ఎప్పుడూ తడిగా ఉంటుంది, ద్రవమే తీగ వేడిని కొంత పట్టి ఉంచుతుంది. చుక్క పద్ధతిలో మొదటి దమ్ముకు తీగ తడి, రెండో దమ్ముకు సగం తడి, మూడో నాలుగో దమ్ముకు ఎండు తీగ. ఎండిన తీగ ఎర్రగా కాగుతుంది.

బీరూట్‌లోని అమెరికన్ యూనివర్సిటీ పరిశోధకులు, సోహా తలీహ్ అనే ఆమె ముందుండి, దీన్ని యంత్రంతో కొలిచారు. 2016లో అచ్చయింది. చుక్కకూ చుక్కకూ మధ్య దమ్ములు పెరిగిన కొద్దీ వేడి పెరిగింది, కొన్ని సందర్భాల్లో 300 డిగ్రీలు దాటింది. వేడితో పాటు ఫార్మాల్డిహైడ్, దాని జాతి రసాయనాలు పెరిగాయి. గ్లిజరిన్, గ్లైకాల్ అంత వేడికి విరిగితే వచ్చేవి అవే. ఫార్మాల్డిహైడ్ ఏందో సైన్సు తీసుకున్నోళ్లకు తెలుసు. జువాలజీ ల్యాబులో సీసాల్లో కప్పలు, పాములు కుళ్లకుండా ఉంచే ఫార్మాలిన్ దాంతోనే చేస్తారు. మనిషికి క్యాన్సరు తెచ్చే పదార్థాల మొదటి వరుసలో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సరు పరిశోధనా విభాగం దాన్ని పెట్టింది. "కాలుడే లేదు కదా" అన్న తమ్ముడికి మా జవాబు ఇదే. అగ్గి కనపడదు, అంతవరకు నిజం. వేడి మాత్రం ఉంది, ద్రవాన్ని విరగ్గొట్టేంత ఉంది.

ఇది ఎంతమంది చేస్తున్నారన్న దానికి మన దగ్గరి లెక్క లేదు, అమెరికాది ఉంది. కనెక్టికట్ రాష్ట్రంలో 2015లో 8 హైస్కూళ్ల పిల్లల్ని యేల్ యూనివర్సిటీ వాళ్లు అడిగారు. ఇ-సిగరెట్ వాడిన 1,080 మందిలో 26 శాతం మంది ఒక్కసారైనా చుక్క పద్ధతి చేశామన్నారు. ఎందుకని అడిగితే ఎక్కువమంది చెప్పిన కారణం దట్టమైన మబ్బు కోసం అని. తర్వాత రుచి, ఆ తర్వాత గొంతులో గట్టిగా తగలాలని. 2017లో ఇది పిల్లల వైద్యుల పత్రికలో వచ్చింది. శ్రీకాకుళం అవ్వకు చుట్ట తిప్పడానికి పని, గాలి, నీళ్లు కారణం. ఈ పిల్లలకు మబ్బు కారణం. అవ్వ మీద మాకు గౌరవం ఎక్కువ, ఏమనుకోకండి.

వేడి ఒక్కటే కాదు, కొలత కూడా పోయింది. బీడీకి కట్ట ఉంది, సిగరెట్‌కు పెట్టె ఉంది, తాగినోడికి ఎన్ని తాగిండో తెలుస్తుంది. చుక్కకు లెక్క ఎవరు పెడతారు? యూరోపియన్ యూనియన్ 2014లో చేసిన నిబంధనల్లో మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాముల కన్నా ఎక్కువ నికోటిన్ ఉండొద్దని, నింపుకునే సీసా 10 మిల్లీలీటర్లు దాటొద్దని రాసుకున్నారు. మన దగ్గర దొంగచాటుగా వచ్చే సీసా మీద ఏం రాసి ఉంటే అది నమ్మాలె. లోపల ఎంతుందో చూసే అధికారి ఎవరూ లేరు. చుక్కలు వేసేటప్పుడు వేళ్ల మీద పడేది పొగాకు కషాయం కన్నా ఎన్నో రెట్లు చిక్కటిది. ఇంట్లో చిన్నపిల్లలుంటే సంగతి ఇంకా వేరు. 2014 డిసెంబరులో న్యూయార్క్ రాష్ట్రంలో ఏడాది పిల్లవాడు ద్రవ నికోటిన్ మింగి చనిపోయాడు. ఆ తర్వాత 2016 జనవరిలో అమెరికాలో పిల్లలు తెరవలేని మూత తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. సొంతంగా తీగ చుట్టుకుని, రక్షణ సర్క్యూటు లేని పరికరంలో బ్యాటరీ పెట్టుకుంటే అది పేలే ప్రమాదం కూడా ఉంది. 2018 మేలో ఫ్లోరిడాలో ఒకాయన అట్ల పేలి చనిపోయాడు.

ఒక విషయంలో మాట జారకూడదు. 2019లో అమెరికాలో వేపింగ్ చేసేటోళ్లకు ఊపిరితిత్తుల జబ్బు ఒక్కసారిగా వచ్చింది. 2020 ఫిబ్రవరి నాటికి 2,807 మంది ఆసుపత్రి పాలయ్యారు లేదా చనిపోయారు, ఆ చావులు 68. దీన్ని చూపెట్టి "ఇ-సిగరెట్ తాగితే ఇట్లనే అయితది" అని వాట్సాప్‌లో తిప్పుతారు. ఆ జబ్బుకు ముఖ్య కారణం గంజాయి సారం ఉన్న సీసాల్లో కలిపిన విటమిన్ ఇ అసిటేట్ అని తేలింది. దాన్ని డ్రిప్పింగ్ ఖాతాలో వేయడం తప్పు. అట్లనే, సిగరెట్ మానలేని పెద్దోళ్లు ఇ-సిగరెట్‌కు మారితే నష్టం తగ్గుతుందని బ్రిటన్ ఆరోగ్య శాఖ చెబుతుంది. అది కూడా దాచొద్దు. కానీ వాళ్లు చెప్పేది కొలత ఉన్న, తనిఖీ ఉన్న సరుకు గురించి, అప్పటికే సిగరెట్ తాగే మనిషి గురించి. ఎన్నడూ బీడీ ముట్టని ఇంటర్ పిల్లవాడు హాస్టల్ గదిలో చుక్కలు వేసుకునే ముచ్చటకు, దానికి సంబంధం లేదు.

మన దేశం సంగతి. 2019 సెప్టెంబరు 18న కేంద్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది, డిసెంబరులో అది చట్టమైంది. ఇ-సిగరెట్ల తయారీ, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకం, ప్రకటన అన్నీ నేరం. మొదటిసారి దొరికితే ఏడాది దాకా జైలు లేదా లక్ష రూపాయల దాకా జరిమానా లేదా రెండూ. మళ్లీ దొరికితే మూడేండ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా. నిల్వ పెట్టినా ఆరు నెలల దాకా జైలు లేదా 50,000 దాకా జరిమానా లేదా రెండూ. ఇక్కడ మన పిల్లలు ఒకటి గమనించాలె. స్నేహితుడు నాలుగు పరికరాలు ఇచ్చి "నీ పెట్టెలో పెట్టు, అడిగినోళ్లకు ఇయ్యి" అంటే, అది అమ్మకం, నిల్వ కిందికి వస్తుంది. పట్నంలో సరుకు తెప్పించేవాడు దొరకడు, పెట్టె ఎవరిదైతే వాడు దొరుకుతాడు. కేసు పడితే ఉద్యోగాల వెరిఫికేషన్ దగ్గర ఎంత తిప్పలో మన అన్నలను అడగండి.

జహంగీరు ఫర్మానాకు, ఈ చట్టానికి మధ్య 402 ఏండ్లు. ఆనాడు కొత్తగా వచ్చిన పొగాకును ఆపబోయారు, ఆగలేదు. ఈనాడు కొత్తగా వచ్చిన పరికరాన్ని ఆపారు, పాత పొగాకు మాత్రం అట్లనే నడుస్తుంది. సిగరెట్ అమ్ముకోవచ్చు, బీడీ అమ్ముకోవచ్చు. స్కూలుకు, కాలేజీకి 100 గజాల లోపు అమ్మొద్దని 2003 చట్టంలో ఉంది. ఆర్మూరులో గానీ నిజామాబాదులో గానీ మీ కాలేజీ గేటు ముందర నిలబడి చుట్టూ చూడండి, మేం చెప్పేది ఏముంది.

ఇక్కడ మనకు చిక్కుముడి ఉంది. పొగాకు పూర్తిగా బందు కావాలని అరుస్తే మన అమ్మల చాట ఖాళీ అవుతుంది, అడవిలో ఆకు కల్లం ఖాళీ అవుతుంది. 1966లో బీడీ కార్మికుల చట్టం, 1976లో సంక్షేమ నిధి చట్టం, తెలంగాణ వచ్చాక 2015 నుంచి బీడీ కార్మికులకు జీవనభృతి. ఇవన్నీ కొట్లాడి తెచ్చుకున్నవి. ఆ అమ్మలు జర్దా దుమ్ము పీల్చి, వేళ్ల గుండా నికోటిన్ ఎక్కించుకుని చేసిన పనికి వేరే ఉపాధి చూపెట్టకుండా బీడీ మానండి అనడానికి మాకు నోరు రాదు. పరికరాలు అమ్మేటోళ్లు ఇదే మాటను తిప్పి అంటున్నారు: బీడీని ఉంచి మా మీద ఎందుకు పడ్డారు అని. వాళ్ల ప్రశ్నలో న్యాయం కొంత ఉంది. కానీ బీడీలో మన ఇండ్లకు కూలీ అయినా వచ్చింది. ఈ చుక్కల సీసాలో మన తండాకు, గూడేనికి వచ్చే పైస ఒక్కటి లేదు. ఆకు మనది కాదు, పని మనది కాదు, పోయే పైసలు మాత్రం స్కాలర్‌షిప్‌వి.

ఇప్పటికే అలవాటైన తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ గ్రూపులో ఉంటే సిగ్గుపడి దాచుకోకండి. నికోటిన్ మానడం కష్టమే, మొదటి వారం తలనొప్పి, కోపం, నిద్ర పట్టకపోవుడు ఉంటాయి. కేంద్ర ఆరోగ్య శాఖ వాళ్ల పొగాకు మానిపించే ఉచిత ఫోన్ 1800-11-2356. పేరు బయట పెట్టరు. ఫోన్ చేయడానికి ఇబ్బంది అనిపిస్తే మన అడ్మిన్లలో ఎవరికైనా విడిగా మెసేజ్ పెట్టండి, పక్కన కూర్చుని చేయిస్తాం.

ఇంకో పని కూడా ఉంది. మీ ఇండ్లలో తాత, అవ్వ ఏ ఆకులో చుట్టుకున్నరు, చిలుం ఉండెనా, అడ్డపొగ మన దిక్కు ఎవరైనా తాగేటోళ్లా, తునికాకు కట్టకు ఆ రోజుల్లో ఎంత ఇచ్చేటోళ్లు, ఇవి అడిగి కింద కామెంట్లలో రాయండి. ముసలోళ్లు పోతే చెప్పేటోళ్లు ఉండరు. తునికాకు రేట్ల మీద తర్వాతి పోస్టుకు అవి కావాలె.